విద్యాధికారము – గ్రంథాలయము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన సంఘమువారు చిక్కడపల్లి ప్రాంతమున విద్యార్థులకొక పఠనమందిరమును గట్టింప సంకల్పించిరి. సంతోషము. అందు మన కులపు బిడ్డలకే ప్రవేశముండవలెనని కొందఱు పెద్దల యభిప్రాయము. దానిని గూర్చి నాకు తోచినది విన్నవించెదను.

ఛాందోగ్యమున రైక్వుడు జానశ్రుతిని ‘శూద్రా’ యని సంబోధించి, తొలుత త్రోసిపుచ్చియు, తుదకు సంవర్గవిద్య నుపదేశించెను. గోత్రము నెఱుగని సత్యకాముని, సత్యము పలికెనను కారణమున, గౌతముడు శిష్యునిగా గ్రహించెను. ఈ కథలు బ్రహ్మసూత్రకారునకు చిక్కు దెచ్చినవి. అపశూద్రాధికరణమున ‘శూద్ర’ శబ్దము కులవాచకము కాదనియు, శోకమును దెలుపుననియు సమర్థింపవలసివచ్చెను. నేను వ్యాకరణము చదివినవాడను. తలుపు మూయదలచినవానికి వ్యుత్పత్తి యెన్నడును దొరకకపోదు! శంకరులు ఇతిహాసపురాణశ్రవణమున నాలుగు వర్ణములకును అధికారము గలదనిరి గాని, వేదపూర్వకమైన యధికారమును శూద్రులకు నిరాకరించిరి. మన తాతలకు దక్కిన తత్త్వమంతయు ఆ ప్రక్కవాకిటినుండి వచ్చినదే.

ఈ నగరమున 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. నిజాము రాజ్యమున తెలుగు చదువునకు ఆదరము కొఱవడిన దినములవి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు కులమునకు గాక భాషకు ఇల్లు గట్టిరి. 1928లో మాడపాటి హనుమంతరావుగారు స్థాపించిన బాలికల పాఠశాల నేడును నారాయణగూడలో నున్నది.

ఇక చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమును చూడుడు. అశోక్‌నగరు ఇరుకు గదులనుండి ఉద్యోగపరీక్షలకై యువజనులు తమ పుస్తకములు తామే తెచ్చుకొని వత్తురు. అచట గ్రంథముకంటె కుర్చీయే దుర్లభము. 1960 నాటి శాసనానుసారముగా ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అది చెల్లించువారిలో సర్వకులములవారును గలరు. గావుననే ఆ కుర్చీ కులము నడుగదు. మన బిడ్డలును అచటనే చదివి అధికారపదవులకు బోవుచున్నారు. 2013 మొదలు సివిల్ సర్వీసుల ప్రధానపరీక్షలో నీతిశాస్త్రపత్రము చేరుటచే తత్త్వవేత్తల భావములును చదువవలసివచ్చినది. మార్కులకై దర్శనములు చదువుట నాకు రుచింపదు. ఐనను చదువుచున్నారు, వలదనువాడు లేడు.

‘ధనము మనది గదా’ యందురు. నిజమే. వసతి, భోజనము, పరీక్షరుసుము మన పేదబిడ్డలకే యిండు, నాకభ్యంతరము లేదు. పఠనశాల గుమ్మమున మాత్రము కులపత్రము నడుగవలదు. అట్లు తీర్మానించినచో నాయొద్దనున్న ఉపనిషద్భాష్యములును, సూత్రభాష్యమును, వాని బీరువాతోగూడ ఆ మందిరమున కిచ్చెదను.