తినే సరదా, ఇచ్చే మనసు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది తిండి గురించి. నవ్వకండి! మన సభల్లో ఉపన్యాసం వేళ కన్నా దస్తర్‌ఖాన్ పరిచే వేళకే హాజరు ఎక్కువన్న సంగతి కార్యదర్శి గారికి తెలియనిది కాదు. బగార అన్నం, దాల్చా వాసన వచ్చిందంటే ఎంతటి వక్త అయినా కూర్చోవలసిందే. ఇందులో తప్పేమీ లేదు. ఈ ఇష్టాన్నే పేదవాడి అక్కరకు ఎట్లా మళ్లించాలన్నదే నా మనవి.

2014లో అమెరికాలో ఒక వింత ఆట వ్యాపించింది. నెత్తిన ఐసు నీళ్ల బకెట్ కుమ్మరించుకుని, "నువ్వూ పోసుకో, లేకుంటే చందా ఇవ్వు" అని స్నేహితుణ్ణి సవాలు చేయడం. ఏ.ఎల్.ఎస్. అనే నరాల జబ్బు మీద పనిచేసే ఒక సంస్థకు ఆ ఆట వల్ల ఎనిమిది వారాల్లోనే 11 కోట్ల 50 లక్షల డాలర్లు చేరినాయి.

అదే ఏడాది ఆగస్టులో హైదరాబాదు పాత్రికేయురాలు మంజులత కళానిధి గారు ఆ ఆటను మన దేశానికి తగినట్టు మార్చారు. బకెట్లో నీళ్లకు బదులు బియ్యం! బకెట్టెడు బియ్యమో అన్నమో అవసరమున్నవారికి ఇవ్వాలి. కాదంటే 100 రూపాయల మందులు దగ్గరి సర్కారు దవాఖానాకు ఇవ్వాలి. ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టి, మిత్రులను పిలవాలి. ఈ పిలుపు దేశమంతటా పాకింది.

ఆలోచన ఎంతో మంచిది. కానీ మన ఊళ్లలో చేసేటప్పుడు ఆ ఫోటో దగ్గర కొంచెం ఆగాలె. ఇచ్చేవాడు ఫోటోలో నవ్వుతాడు. పుచ్చుకునేవాడు నేల చూస్తాడు. పెద్ద నగరంలో ఆ ముఖం మరుగున పడొచ్చు. కోరుట్లలో పడుతుందా? పొద్దంతా బీడీలు చుట్టి బిడ్డను చదివించే తల్లి ఉంది. మరమగ్గం ఆగిపోయి పని దొరకని నేతన్న ఉన్నాడు. కొడుకు గల్ఫ్‌కు పోయి అప్పులతో తిరిగొచ్చిన ఇల్లు ఉంది. వీళ్లు పస్తులైనా ఉంటారు గాని, పదిమందిలో నిలబడి చెయ్యి చాపరు. వీళ్లకు సాయం చేయాలంటే సందడి ఒకచోట, సాయం మరొకచోట జరగాలి.

ఈ దారి కేరళవారు బాగా పట్టుకున్నారు. 'బిరియానీ ఛాలెంజ్' అంటారు. యువకులు ముందే ఇంటింటికీ తిరిగి ఆర్డర్లు రాసుకుంటారు. అందరూ కలిసి వండి, పొట్లాలు కట్టి ఇళ్లకు చేరుస్తారు. ఖర్చులు పోను మిగిలింది ఏ రోగి వైద్యానికో పోతుంది. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు కూడా ఇట్లా బిరియానీ అమ్మి బాధితులకు సొమ్ము కూడబెట్టారు. కొన్నవారికి కమ్మటి భోజనం దక్కింది; సాయం అందుకునేవారు ఎవరి వాకిట్లోనూ నిలబడలేదు.

మనమెందుకు చేయకూడదు? 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలైనాయి గాని, మన చుట్టరికాలు వేరు కాలేదు గదా! మూడు ఊళ్లూ పోటీ పడుదాం. ఎవరి దేగ్ ముందు ఖాళీ అయితే వారిదే గెలుపు. ఒక లెక్క ఊహించి చూడండి. ఊరికి 300 డబ్బాలు, డబ్బా 150 రూపాయలు. 45 వేలు వస్తాయి. డబ్బాకు 90 చొప్పున ఖర్చు 27 వేలు పోతే మిగిలేది 18 వేలు. మూడు ఊళ్లకు కలిపి 54 వేలు. బియ్యం, నూనె ఏ దుకాణదారుడైనా ఇస్తే మిగులు ఇంకా పెరుగుతుంది. ఆర్డర్లు ముందే తీసుకుంటాం కాబట్టి, దావత్‌లలో లాగా అన్నం పారబోసే పాపం ఉండదు.

మాంసం తినని ఇరుగుపొరుగు కోసం బగార అన్నం, బగార బైంగన్ వేరే గిన్నెలో, వేరే గరిటెతో వండుదాం. అక్కాచెల్లెళ్లు మలీద, డబుల్ కా మీఠా, సకినాలు చేసి తెస్తే, ఒక్కొక్క పళ్లెం ముందు ఒక గల్లా పెట్టె పెడుదాం. పది రూపాయలు వేస్తే ఒక ఓటు. ఎవరి పెట్టె బరువైతే వారిదే మొదటి బహుమానం. తన వంటకు తానే ఓట్లు వేసుకున్నా అభ్యంతరం లేదు, ఫండ్‌కు లాభమే! లక్కీ డ్రా మాత్రం వద్దు. అది జూదం వైపు పోయే దారి.

మూడు సంగతులు గట్టిగా పట్టుకోవాలె. మొదటిది, జకాత్ సొమ్ముతో దేగ్ ఎక్కించవద్దు. నూటికి రెండున్నర చొప్పున తీసేది హక్కుదారులకే చేరాలి. డబ్బా కొన్నంత మాత్రాన జకాత్ తీరినట్టూ కాదు. ఈ ఫండ్ లెక్క వేరే పుస్తకంలో ఉండాలి. రెండవది, జమాఖర్చులు పైసాతో సహా సంఘం బోర్డు మీద రాయాలి. సాయం పొందినవారి సంఖ్య రాయాలి గాని పేర్లు రాయొద్దు. మూడవది, మగ్గం ఆగిన ఇల్లు ఏ మతం వారిదని అడగొద్దు. డబ్బా కొనేటప్పుడు వాళ్లను అడగలేదు గదా!

సొమ్ము చేతికొచ్చినాక ఫీజు కట్టవలసిన కాలేజీకి, బాకీ ఉన్న మందుల దుకాణానికి మనమే నేరుగా కట్టివేద్దాం. ఆ పిల్ల మిగతా పిల్లల్లాగే తలెత్తుకుని క్లాసుకు పోతుంది. ఎవరు కట్టారో ఆమె తోటి పిల్లలకు తెలియనవసరం లేదు.

దేగ్ ఎక్కించడానికి తేదీ ఈ సభలోనే నిర్ణయించాలని పెద్దలను కోరుతున్నాను. నా ఊరు తరఫున మొదటి పది డబ్బాల ఆర్డరు ఇప్పుడే రాసుకోండి.