గోడ అవతలి నిద్ర



హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈసారి మా పెరటి గోడ దగ్గర్నుంచి మొదలుపెడతాను.

రెండేళ్ళుగా నేనూ, నలుగురు స్నేహితురాళ్ళూ హైదరాబాదులో మా ఇంటి పెరట్లో డప్పు నేర్చుకుంటున్నాం. నేర్పే ఆమె మాదిగ కళాకారిణి. చెక్క చట్రానికి బిగించిన మేకతోలును మంట దగ్గర కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టామంటే వీధి చివరిదాకా మోత.

మొదట పక్కింటి పెద్దాయన వచ్చారు. "ఏమ్మా, పీహెచ్‌డీ చేసినదానివి, ఇంట్లో ఈ చావు డప్పేమిటి?" అన్నారు. ఆయన మనవడు రోజూ పొద్దున్నే మృదంగం వాయిస్తాడు. అది ఆయనకు సంగీతం. ఏది సంగీతమో ఏది గోలో తేల్చేది చెవి ఒక్కటే కాదు, కులం కూడా. అరగంట వాదించాను. అందులో ఒక్క మాటైనా ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఆ కోపంలోనే ఒక తప్పు చేశాను. వెనకింటి ఆమె రెండుసార్లు గోడమీంచి తొంగిచూసి వెళ్ళిపోతే, ఆమెనూ పెద్దాయన ఖాతాలోనే వేశాను. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు తీసి చదివాను. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. మేం వాయించేది ఉదయం 10కి కాబట్టి చట్టం మావైపే అనుకున్నాను. (మా డప్పు ఆ 55ను దాటకుండా ఉంటుందా అన్న ప్రశ్న అప్పుడు తట్టలేదు!)

"మేడం, ఎనకింట్ల ఎవరుంటరు? అడిగినవా?" అని మా గురువు మొదటిరోజే అంది. నేను పట్టించుకోలేదు. మూడు నెలల తర్వాత వెళ్ళి తలుపు తట్టాను. ఆమె నర్సు. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. ఇంటికొచ్చి, వండి, పిల్లల్ని బడికి పంపి, నడుం వాల్చేసరికి మా డప్పు మొదలయ్యేది. చట్టం దృష్టిలో రాత్రి అంటే మగవాడు ఆఫీసు నుంచి వచ్చి పడుకునే రాత్రే. పట్టపగలు నిద్రపోవాల్సిన మనిషికి అందులో చోటు లేదు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"మీరు పెద్ద చదువులవాళ్ళు, ఎట్లా చెప్పను మేడం?" అంది.

సామాజిక శాస్త్రంలో ఇన్నేళ్ళు పనిచేసిన నాకు ఆ మాట గుచ్చుకుంది.

ఇప్పుడు ఆమె డ్యూటీ చార్టు మా వంటింటి గోడకు ఉంటుంది. సాధన సాయంత్రం 5 నుంచి 6 వరకే. ఆరేసిన బట్టలకు పొగ పట్టకుండా మంట ఇటు మూలకు మార్చాం. పెద్దాయన కిటికీ మాత్రం ఇంకా మూసే ఉంటుంది. ఆయన కోసం ఏదీ మార్చలేదు.