కాటా మీది బతుకు

ఈ పూట నేను చెప్పబోయే సంగతి వినగానే మీలో కొందరు "ఇదేం విడ్డూరమమ్మా, ఆడవాళ్ళ కార్యక్రమంలో గుర్రపు పందేల గొడవేమిటి?" అని ముక్కున వేలేసుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే వేలేసుకున్నదాన్నే. మా ఇంట్లో 'రేసులు' అన్న మాట వినబడితే మా అమ్మమ్మ రెండు చెవులూ మూసుకునేది. మా మేనమామ ఒకాయన పందేలు కాసి కాసి ఆవిడ చేతి గాజులూ, ఇంటి వెనక పెరడూ పోగొట్టాడు మరి. ఆ దెబ్బతో గుర్రం మీద కూర్చున్న మనిషి కూడా మా లెక్కలో జూదగాడే అయిపోయాడు. పందెం కాసేవాడు వేరు, గుర్రం తోలేవాడు వేరు అని నాకు నలభై దాటాక గాని తెలిసిరాలేదు. జాకీ అనేవాడు పందెం కాయకూడదని నియమం కూడా ఉందట!

ఎలా తెలిసిందో చెబుతాను. మేముండేది పాశమైలారం ఫ్యాక్టరీల పక్క కాలనీలో. తెల్లారకముందే షిఫ్టు సైరన్లు, కంపెనీ బస్సుల రొద. మా పక్క వాటాలో ఉండే ఆమెకు ఒక్కడే కొడుకు. 2023లో పదో తరగతి పాసయ్యాడు. పదహారేళ్ళవాడైనా చూస్తే పన్నెండేళ్ళు కూడా లేవంటారు, అంత బక్కపలచన. వాడి మేనమామ మలక్‌పేట రేసుకోర్సులో సాయీసు. అంటే గుర్రానికి దాణా పెట్టి, ఒళ్ళు తోమి, కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆయన వీణ్ణి చూసి "వీడు జాకీ పనికి పుట్టినోడే, నాతో పంపుండ్రి" అన్నాడట. తండ్రి సరేనన్నాడు. తానెలాగూ కంపెనీలో కాంట్రాక్టు కూలీ, కొడుకైనా మరో దారి చూసుకోవాలని ఆయన ఆశ. తల్లి మాత్రం సాయంత్రం మా గడపలో కూలబడింది.

"అక్కా, మీరు రేడియోల మాట్లాడ్తరు, నలుగురు తెలిసినోళ్ళుంటరు. జర కనుక్కోని చెప్పుండ్రి. నాకైతే గుండె దడదడలాడ్తున్నది."

సరే, కనుక్కోవడం ఎందుకు, చూసే వద్దామని ఇద్దరం బయలుదేరాం. రాత్రికి దిల్‌సుఖ్‌నగర్‌లో మా చెల్లెలింట పడుకుని, చీకటితోనే మలక్‌పేట చేరాం. ఆ మైదానం నిన్న మొన్నటిది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మౌలాలీలో జరిగే పందేలు 1886లో ఇక్కడికి మారాయి. వానాకాలంలో ఒక సీజను, చలికాలంలో ఒకటి. దక్కన్ డెర్బీ సాధారణంగా గాంధీ జయంతి నాడే ఉంటుంది. అదేం ముహూర్తమో నాకైతే బోధపడలేదు.

పొగమంచులో గుర్రాలు పరుగెత్తుతుంటే నేల అదురుతుంది. ఒక్కో గుర్రం 450 కిలోల పైమాటే. పందెంలో గంటకు 60 కిలోమీటర్ల వేగం. దానిమీద మనిషి హాయిగా కూర్చుంటాడనుకున్నాను. కూర్చోడండీ! రికాబుల్లో మునివేళ్ళాని, మోకాళ్ళు ముడిచి, వీపు వంచి, జీనుకు ఆనకుండా గాలిలో వేలాడుతున్నట్లుంటాడు. మీరు రేపు వంటింట్లో పీట మీద కూర్చోకుండా, సగం లేచి, ఒక్క నిమిషం కూరగాయలు తరిగి చూడండి, తొడలు ఏమంటాయో తెలుస్తుంది. పందెం నిమిషం పావులో అయిపోవచ్చు, కానీ ఆ నిమిషం పావు కోసం రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి.

ఇక అసలు సంగతి కాటా. పందానికి ముందు జాకీని జీనుతో సహా తూస్తారు. ఏ గుర్రం ఎంత బరువు మోయాలో ముందే నిర్ణయిస్తారు. చురుకైన గుర్రానికి ఎక్కువ, నీరసం గుర్రానికి తక్కువ. తక్కువ పడితే సీసం ముక్కలు కలిపి సరిచేస్తారు. పందెం గెలిచాక మళ్ళీ తూస్తారు. అప్పుడు బరువు తగ్గితే గెలుపు గెలుపే కాదు. సీసం కలిపితే బరువు పెరుగుతుంది గానీ, ఒంటి మీద ఎక్కువైన కిలోను ఎక్కడ దాచేది? జీనుతో కలిపి ఏ 50 కిలోలో, 55 కిలోలో తూగాలంటే మనిషి ఎంత ఉండాలో మీరే లెక్క వేసుకోండి. అందుకని వేడి ఆవిరి గదుల్లో కూర్చుని చెమట కారుస్తారు, దుప్పట్లు కప్పుకుని పరుగెత్తుతారు, పందెం నాడు గొంతు తడుపుకోవడానికీ జంకుతారు.

మనమంతా పిల్లలు తినడం లేదని డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్ళం. మా పక్కింటామె ఇది విని అన్న మాట నేను మరిచిపోలేను. "తినరా అని కొట్టే తల్లిని చూసిన గానీ అక్కా, తినకురా అని కొట్టే తల్లిని ఎన్నడు చూడలే."

ఇది మన దేశపు జాకీల గోడొక్కటే కాదు. ఇంగ్లండులో ఫ్రెడ్ ఆర్చర్ అని మహా జాకీ ఉండేవాడు. వరసగా 13 ఏళ్ళు ఆ దేశపు ఛాంపియన్. మనిషేమో అయిదడుగుల పది అంగుళాలు! అంత పొడుగు ఒంటిని జాకీ బరువుకు దించడానికి కడుపు మాడ్చుకుని, విరేచనాల మందులు తాగేవాడు. 1884లో భార్య పురిటి తర్వాత కన్నుమూసింది. రెండేళ్ళకు ఆయన జ్వరంతో మంచాన పడి, మతి చలించి తన ప్రాణం తానే తీసుకున్నాడు. వయసు 29. చంటిబిడ్డ మిగిలింది. అది 1886, మన మలక్‌పేటకు పందేలు వచ్చిన ఏడే.

ఆయన తర్వాత లెస్టర్ పిగట్. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. ఎప్సమ్ డెర్బీని 9 సార్లు గెలిచాడు, మొదటిది 1954లో, 18 ఏళ్ళకే. బతుకంతా అర్ధాకలితో గడిపాడు. పందేలు మానేసి అయిదేళ్ళయ్యాక 54 ఏళ్ళ వయసులో 1990లో మళ్ళీ జీనెక్కి, అమెరికాలో పెద్ద పందెం గెలిచాడు. ఈ పురుగు ఒకసారి కుడితే వదలదు కాబోలు.

సంపాదన మాటకొస్తే, ఎక్కిన ప్రతి స్వారీకి కొంత రుసుము, గెలిస్తే బహుమతి డబ్బులో ఒక వాటా. గుర్రం యజమానిది, వేసుకునే రంగుల చొక్కా కూడా యజమాని రంగులదే. స్వారీ దొరకని వారం చేతిలో చిల్లిగవ్వ ఉండదు. మొదట అప్రెంటిస్‌గా చేరతారు. కొత్తవాళ్ళకు బరువులో కొంత తగ్గింపు ఇస్తారు, ఆ తగ్గింపు కోసమే ట్రైనర్లు వాళ్ళను పిలుస్తారు. కొన్ని పందేలు గెలిచేసరికి తగ్గింపు పోతుంది. అప్పుడు అనుభవజ్ఞులతో సమానంగా నిలబడాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు. 2016లో ముంబయిలో డెజర్ట్ గాడ్ అనే గుర్రం మీద ఇండియన్ డెర్బీ గెలిచిన సూరజ్ నర్రెడు వంటివాళ్ళు నూటికో కోటికో ఒక్కరు. ఆయనకు తండ్రీ, పెదనాన్న వరసవాళ్ళూ అంతా ఆ వృత్తివాళ్ళే, పుట్టుకతోనే గుర్రాల వాసన తెలుసు. మన పిల్లాడికి తెలిసిందల్లా పటాన్‌చెరు బస్సు వాసన.

ఇక పడడం సంగతి. పందెం సాగినంతసేపూ గుర్రాల వెనకే ఒక అంబులెన్సు పరుగెడుతూ ఉంటుంది. ఇంతకంటె నేను వివరించనక్కర్లేదు.

ఆడవాళ్ళెవరూ లేరా అంటారేమో. ఉన్నారు. మన చెన్నై అమ్మాయి రూపా సింగ్ ఈ వృత్తిలో మగవాళ్ళతో పోటీపడి పేరు తెచ్చుకుంది. ఆస్ట్రేలియాలో 1861 నుంచి జరుగుతున్న మెల్బోర్న్ కప్పును 2015లో మిషెల్ పేన్ గెలిచేదాకా ఏ స్త్రీ గెలవలేదు. పదిమంది పిల్లల్లో కడగొట్టుది, ఆరు నెలల పసికందుగా ఉన్నప్పుడే తల్లి పోయింది. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న అన్నయ్య స్టీవీ ఆనాడు ఆ గుర్రానికి సాయీసు. ఇద్దరూ కలిసి నిలబడ్డ ఫొటో చూసి నేను కళ్ళు తుడుచుకున్నాను.

మరి మా పిల్లాడు? వెళ్ళాడు. నేను వద్దన్నాను, నిజం దాచను. వాడు మాత్రం ఆ పొగమంచులో గుర్రం మెడ నిమిరిన మేనమామను చూసిన క్షణమే నిశ్చయించుకున్నాడు. వాడి తల్లి రోజూ దేవుడికి దీపం పెట్టి "పడకుండ చూడు స్వామీ" అని మొక్కేది.

2025 జూన్ 30న పొద్దున మా పాశమైలారంలో ఒక కంపెనీలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా పోయారు. మా ఇంటి కిటికీలు అదిరాయి. వీధిలో అందరం పరుగులు పెడుతుంటే ఆమె ఫోను మోగింది. మలక్‌పేట నుంచి కొడుకు. "అమ్మా, నాయిన యేడీ? నాయిన యేడీ?" తండ్రి పనిచేసేది వేరే కంపెనీలో, క్షేమంగానే ఉన్నాడు. ఆ మాట చెప్పి ఫోను పెట్టేశాక ఆమె గోడకానుకుని చాలాసేపు కదల్లేదు. గుర్రం మీద నుంచి పడతాడేమోనని రెండేళ్ళుగా తాను భయపడుతోంది, వాడేమో ఇంటి గురించి వణికిపోయాడు!

ఆ తర్వాత వాడు పొడుగయ్యాడు. ఎవరేం చేస్తారు, పద్దెనిమిదేళ్ళ ఒళ్ళు! కొన్నాళ్ళు ఆవిరి గదులూ, పస్తులూ అయ్యాయి. చివరికి ట్రైనరే "నువ్వు పందేలకు పనికిరావు, పొద్దున గుర్రాలకు వ్యాయామం చేయించు" అన్నాడట. రైడింగ్ బాయ్ అంటారు ఆ పనిని. రంగుల చొక్కా లేదు, ఫొటోలు లేవు, నెల జీతం ఉంది. కాటా ఎక్కే పని లేదు.

ఆ మాట తెలిశాక మొదటిసారి ఇంటికొచ్చిన రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మౌనంగా పీట మీద కూర్చున్నాడు. వాళ్ళమ్మ అన్నం వడ్డించి, చేయి ఆపింది, అలవాటు చొప్పున. వాడు కంచం ముందుకు జరిపి, "ఇంకింత వెయ్యే అమ్మా" అన్నాడు.