కారవాన్ రేడియేటర్‌లో బోరు నీళ్లు పోశా... దోర్నాల ఘాట్‌లో ఏమైందంటే

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం సిగ్గుపడుతూనే చేస్తున్నా. పోయిన కార్తీక మాసంలో "అమ్మానాన్నలతో శ్రీశైలం ట్రిప్ వీడియో వస్తోంది" అని చెప్పాను కదా. ఆ వీడియో ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. రాలేదు, ఎందుకంటే మేం శ్రీశైలం చేరలేదు. తప్పు బండిది కాదు, నాది. ఆ తప్పేందో చెప్తా. మీ దగ్గర పాత డీజిల్ బండి ఏది ఉన్నా, ట్రాక్టర్ అయినా, జీపు అయినా, ఇది మీకు పనికొస్తుంది.

కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక మాట. కారవాన్ అంటే మనకి సినిమా హీరోల బండే గుర్తొస్తుంది. నాది అంత సీన్ లేదు. 1999 మోడల్ టెంపో ట్రావెలర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసినప్పుడు చేతిలో ఉన్న డబ్బుతో కొన్నా. లోపల రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించా. (బండిలో ఇట్లా మార్పులు చేయించేముందు ఆర్టీవో అనుమతి, ఆర్సీలో ఎక్కించడం, ఆ గొడవంతా ఇంకో ఎపిసోడ్‌లో.)

ఇందులో ఉన్న ఇంజన్ పేరు ఓఎం616. మెర్సిడెస్ వాళ్లు 1973లో 240డి అనే కారులో పెట్టిన ఇంజన్ ఇది. దాన్నే మన దేశంలో బజాజ్ టెంపో వాళ్లు లైసెన్సు తీసుకుని తయారుచేశారు. ఆ కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు, కంప్యూటర్ లేదు, సెన్సార్ల గోల లేదు. గ్రీసు దేశంలో ఒక టాక్సీ డ్రైవర్ తన 240డి కారుని, మధ్యలో ఇంజన్లు మార్చుకుంటూ, 46 లక్షల కిలోమీటర్లు నడిపాడు. ఆ కారు ఇప్పుడు మెర్సిడెస్ మ్యూజియంలో ఉంది. అంటే ఇది తొందరగా చచ్చే రకం ఇంజన్ కాదు. మరి నేను దాన్ని ఎట్లా చావుదాకా తీసుకెళ్లానో వినండి.

నరసరావుపేట నుంచి పొద్దున్నే బయలుదేరాం. అమ్మకి కార్తీక సోమవారం మొక్కు ఉంది. వినుకొండ దాటాం, మధ్యాహ్నానికి దోర్నాల వచ్చాం. అక్కడి నుంచి నల్లమల ఘాట్. ముందు ఒక బస్సు, దాని వెనక నేను, సెకండ్ గేరు. టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పోతా ఉంది. ఎండాకాలం కూడా కాదు. "పైకెళ్లాక ఆపుదాంలే" అనుకున్నా.

ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. సరిగ్గా అప్పుడు, టక్కున కిందికి దిగిపోయింది. నేను నవ్వి, "చూశావా నాన్నా, సెన్సార్ పోయింది, అంతే" అన్నా.

నాన్న మీటరు వైపు చూడనే లేదు. "సెన్సారో గిన్సారో, కాలిన వాసన వస్తంది. బండాపు" అన్నాడు.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్తా, ఈ వీడియోలో ఇంకేం గుర్తు లేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఆ సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. నీళ్లు అయిపోయి మట్టం కిందికి పోతే, సెన్సార్ చుట్టూ ఉండేది ఆవిరి, గాలి. అప్పుడు ముల్లు తక్కువ చూపించొచ్చు. అంటే ఎర్ర గీత దాకా పోయిన ముల్లు కారణం లేకుండా పడిపోతే అది శుభవార్త కాదు. ఇంజన్‌లో నీళ్లు లేవని అర్థం. నేను ఆ అర్థం తెలియక ఇంకో రెండు మూడు కిలోమీటర్లు లాగా.

తర్వాత బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి. ఆపి దిగా. కంగారులో గుడ్డ పట్టుకుని రేడియేటర్ క్యాప్ మీద చెయ్యి వేశా. నాన్న నా చెయ్యి లాగేశాడు. "తియ్యమాక! మొహం కాల్చుకుంటావా?" అని అరిచాడు. చిన్నప్పటి నుంచి నాన్న నన్ను అట్లా అరవడం రెండోసారో మూడోసారో.

ఎందుకు తియ్యకూడదో లెక్క చెప్తా. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. క్యాప్ బిగించి ఉంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. 1 బార్ ఒత్తిడి పెరిగితే నీళ్లు మరిగేది దాదాపు 120 డిగ్రీల దగ్గర. మీరు క్యాప్ తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది. 110, 115 డిగ్రీల మీద ఉన్న నీళ్లు ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. కుక్కర్ విజిల్ ఉండగానే మూత లాగినట్టే.

అప్పటికి టైం నాలుగు. ఆ రోడ్డులో రాత్రి తొమ్మిది దాటితే అటవీ శాఖ వాళ్లు గేటు మూసేస్తారు. పులులుండే అడవి. అమ్మ లోపల కూర్చుని ఏం మాట్లాడటంలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. చివరికి కిందికి దిగే లారీ వాళ్లు దయతలచి, తాడు కట్టి, చాలా జాగ్రత్తగా దోర్నాల దాకా లాక్కొచ్చారు. మర్నాడు ఇంకో బండి మీద ఎక్కించి పేటకి తెచ్చాం. అమ్మ మొక్కు అట్లాగే ఉండిపోయింది.

షెడ్డులో మేస్త్రి హెడ్ దించాడు. రెండో సిలిండర్‌కి, మూడో సిలిండర్‌కి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. హెడ్ కొంచెం వంగింది. కానీ మేస్త్రి నాకు చూపించింది అది కాదు. నీళ్లు తిరిగే దారుల్లో స్క్రూడ్రైవర్ పెట్టి గీకాడు. తెల్లటి పెచ్చులు రాలాయి. కొన్ని దారులు సగానికి సగం పూడిపోయి ఉన్నాయి.

"ఏం నీళ్లు పోశావయ్యా దీంట్లో?" అన్నాడు.

"బోరు నీళ్లు" అన్నా.

ఆ పెచ్చు ముక్క ఒకటి ఇంటికి తెచ్చి అమ్మకి చూపించా. ఒక్క చూపు చూసి, "ఇది మన హీటర్ రాడ్డుకి పట్టేదే కదరా" అంది. అంతే! బీటెక్‌లో నాలుగేళ్లు చదివినోడికి తట్టనిది అమ్మకి ఒక్క సెకనులో తట్టింది.

మన పల్నాడు సంగతి మీకు తెలిసిందే. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, మాచర్ల వైపు నాపరాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. కింద చాలాచోట్ల ఉన్నది సున్నపురాయే. వాన నీరు భూమిలోకి ఇంకేటప్పుడు ఆ రాయిని కొంచెం కొంచెం కరిగించుకుంటుంది. బోరులో వచ్చేది ఆ నీళ్లే. వేడి చేస్తే కరిగిన సున్నం మళ్లీ రాయిగా మారి, ఎక్కడ వేడి ఎక్కువుంటే అక్కడ అంటుకుంటుంది. బకెట్‌లో రాడ్డుకి పడుతుంది. ఇంజన్‌లో అయితే సిలిండర్ల మధ్య, ఎగ్జాస్ట్ వాల్వ్‌ల చుట్టూ, అంటే చల్లదనం ఎక్కువ కావాల్సిన చోటే పడుతుంది.

ఆ పెచ్చు గుండా వేడి పోవడం చాలా కష్టం. దానికన్నా పోత ఇనుము సుమారు ఇరవై రెట్లు బాగా వేడిని పంపుతుంది. ఇంజన్‌కి లోపల దుప్పటి కప్పినట్టన్నమాట. పైగా మా ఇంజన్ పాత ప్రీచాంబర్ రకం. డీజిల్ ముందు చిన్న గదిలో అంటుకుని, తర్వాత సిలిండర్‌లోకి వస్తుంది. శబ్దం తక్కువ, కానీ కొత్త డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ల కన్నా నీళ్లలోకి పోయే వేడి ఎక్కువ. అట్లాంటి ఇంజన్‌కి నీళ్ల దారే మూసేశా నేను.

ఇంకో మోసం ఉంది. నేను పదిహేను రోజులకో లీటరు కలుపుతూనే ఉన్నా. "పాత బండి కదా, తాగుతుందిలే" అనుకున్నా. నీళ్లు ఆవిరై పోయినప్పుడు సున్నం ఆవిరవదు, లోపలే ఉంటుంది. మళ్లీ లీటరు పోస్తే మళ్లీ కొంత సున్నం. ఏడాదిపాటు నేను ఇంజన్‌లో గోడ కట్టుకుంటూ వచ్చా. అసలు ఆ నీళ్లు ఎటు పోతున్నాయని ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే వాటర్ పంపు దగ్గర చిన్న లీకు. ఉద్యోగంలో రోజంతా లాగ్ ఫైళ్లు చూసినవాణ్ణి, సొంత బండికి పది రూపాయల నోటు పుస్తకం పెట్టలేదు.

నా ఇంకో ఘనకార్యం కూడా చెప్పేస్తా. ముందు గ్రిల్ మీద ఛానల్ పేరుతో పెద్ద బోర్డు పెట్టించా గుర్తుందా? రేడియేటర్‌కి పోయే గాలిలో చాలా భాగం ఆ బోర్డే ఆపేసింది. బోర్డు తీసేశా, ఇప్పుడు మా గేదెల కొట్టానికి తలుపుగా ఉంది.

నాన్న ట్రాక్టర్ సంగతి ఇప్పుడు గుర్తొస్తుంది. వర్షాకాలంలో డాబా మీద నీళ్లు డ్రమ్ములో పట్టి, గుడ్డతో వడకట్టి, క్యాన్లలో దాచేవాడు. రేడియేటర్‌లో ఆ నీళ్లే పోసేవాడు. నేనప్పుడు "వాన నీళ్లేంది, బోరు నీళ్లేంది, నీళ్లు నీళ్లే కదా" అని నవ్వేవాణ్ణి. ఆయన కారణం చెప్పలేదు, నేను అడగలేదు.

సరే, ఇప్పుడు పనికొచ్చే విషయాలు.

ఒకటి. రేడియేటర్‌లో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. రెడీగా కలిపి అమ్మేదైతే నీళ్లు కలపొద్దు. చిక్కటిదైతే డబ్బా మీద ఉన్న కొలత ప్రకారం డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి. "మనకి మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు" అంటారు. అది తుప్పు ఆపుతుంది, మరిగే డిగ్రీ కూడా పెంచుతుంది. మన ఎండలకి అదే కావాలి. కాలం తీరాక మార్చండి. చిన్నపిల్లలకి, కుక్కలకి అందకుండా పెట్టండి, కూలెంట్ విషం.

రెండు. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, పొద్దున్నే క్యాప్ తీసి చూడండి. మెడ లోపల తెల్ల పెచ్చు ఉందా? తుప్పు రంగు ఉందా? నూనె తేలుతుందా? క్యాప్ రబ్బరు ఎండిపోయిందా? క్యాప్ ఒత్తిడి పట్టకపోతే పైన చెప్పిన 120 డిగ్రీల లెక్క పనిచేయదు.

మూడు. పెచ్చు కొద్దిగానే ఉంటే నిమ్మ ఉప్పుతో కడగొచ్చు. లీటరు నీళ్లకి 30 నుంచి 50 గ్రాములు. కాసేపు ఇంజన్ వేడిగా నడిపి, చల్లారాక వదిలేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. చివరి కడుగుడు డిస్టిల్డ్ వాటర్‌తో. ఒక హెచ్చరిక: పాత రేడియేటర్‌లో కొన్ని చిల్లుల్ని ఆ పెచ్చే మూసి ఉంచుతుంది, కడిగాక లీకులు బయటపడొచ్చు. అల్యూమినియం రేడియేటర్ అయితే మేస్త్రిని అడగకుండా చెయ్యొద్దు. నా దాంట్లోలాగా దారులే పూడిపోతే నిమ్మ ఉప్పుతో కాదు, హెడ్ దించాల్సిందే.

నాలుగు. గ్యాస్కెట్ పోయిందని ఎట్లా తెలుస్తుంది? లీకు కనపడకుండా నీళ్లు తగ్గుతుంటే, చల్లని ఇంజన్ స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే, ఇంజన్ ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే, ఇక నడపొద్దు.

ఐదు. ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపండి, హీటర్ ఉంటే ఫుల్‌గా పెట్టండి. ఉక్కపోస్తుంది, కానీ ఇంజన్ వేడి కొంత బయటికి లాగుతుంది. పక్కకి ఆపండి. ఆవిరి లేకపోతే, ఫ్యాన్ తిరుగుతుంటే, రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి తర్వాత ఆపండి. ఆవిరి వస్తున్నా, బెల్టు తెగినా వెంటనే ఆపెయ్యండి. కనీసం ముప్పావు గంట ఏదీ ముట్టుకోవద్దు. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్ పగులుతుంది.

ఆరు. నోటు పుస్తకం. తేదీ, కిలోమీటర్లు, ఎంత కూలెంట్ కలిపాం. మూడే గీతలు. రెండోసారి కలపాల్సి వస్తే లీకు వెతకండి.

నాకు మొత్తం ఖర్చు 38 వేలు అయింది. హెడ్ లేత్ మీద ఫేసింగ్, గ్యాస్కెట్ సెట్, వాటర్ పంపు, థర్మోస్టాట్ వాల్వ్, హోస్ పైపులు, బండి తెచ్చిన కిరాయి, అన్నీ కలిపి. ఒక డబ్బా కూలెంట్ ఖర్చు భయపడినందుకు!

పోయిన వారం కోటప్పకొండ ఘాట్ ఎక్కించి టెస్ట్ చేశాం. నాన్న పక్కన కూర్చుని, నా మొహం చూడకుండా ముల్లునే చూస్తూ వచ్చాడు. ముల్లు మధ్యలో నిలబడింది, కదల్లేదు. పైన దిగాక బానెట్ మీద చెయ్యేసి చూసి, "పర్లేదు" అన్నాడు. మా నాన్న నోట అది పెద్ద మాట.

శివరాత్రి రద్దీ తగ్గాక, ఒక సోమవారం మళ్లీ శ్రీశైలం బయలుదేరుతున్నాం. బండిలో పది లీటర్ల కూలెంట్ క్యాను, పక్కన నోటు పుస్తకం. అమ్మ అయితే ఇప్పటికే కొబ్బరికాయలు కొనిపెట్టింది.

ఇవాళ రాత్రి బండి చల్లారనిచ్చి, రేపు పొద్దున్నే క్యాప్ తీసి చూడండి. ఏం కనపడిందో కామెంట్‌లో రాయండి. వీడియో నచ్చితే ట్రాక్టర్ ఉన్న మీ బాబాయికో, మామయ్యకో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు ఎట్లా చేరతాయో చూద్దాం. అప్పటిదాకా ఉంటా అండీ.