పురుగుల పెట్టెకు కాపలా



మ్యూజియంలో పురుగుల విభాగమంటే మా వియ్యంకుడుగారు మందు కొట్టే ఉద్యోగమనుకున్నారు. నిజానికి మాది పురుగుల్ని పురుగుల నుంచి కాపాడే పని. ఆంత్రేనస్ అనే చిన్న పెంకుపురుగు పిల్ల పెట్టెలో దూరిందా, సీతాకోకచిలుక పొడై రాలిపోతుంది. సూది, చీటీ మిగులుతాయి. అందుకే బిగుతు మూతలు, నాఫ్తలీన్ ఉండలు.

అసలు ప్రాణం చీటీలోనే ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో రాసి లేకపోతే ఆ పురుగు పరిశోధనకు కొరగాదు. 1916లో కలకత్తాలో ఏర్పడిన జువలాజికల్ సర్వే మొదలు ఎక్కడైనా ఇదే పద్ధతి.

చేరిన కొత్తలో పెట్టె దులుపుతూ మూడు చీటీలు కలిపేశాను. ఊహించి గుచ్చేస్తే ఎవరూ కనిపెట్టరు. మా పెద్దాయన ఒప్పుకోలేదు. మూడింటికీ ‘స్థలం తెలియదు’ అని నాచేతే రాయించారు. నా దస్తూరీతో ఆ చీటీలు ఇంకా అక్కడే ఉండాలి.