ఏ ఈడుకు ఏ పుస్తకం



చింతామణి ప్రాంతంలో పట్టుపురుగులను సాకే రైతుకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. చాకీ పురుగులకు అతడు లేత ఆకును సన్నగా తరిగి వేస్తాడు. పురుగు ఒక్కొక్క జ్వరం దాటి ఎదిగేకొద్దీ ముదురాకు, చివరకు రెమ్మలతో సహా వేస్తాడు. మొదటి దశలోనే ముదురాకు వేస్తే పురుగు తినలేదు. చివరి దశలోనూ లేతాకే వేస్తూ పోతే గూడు గట్టిపడదు. ఇంతటి జాగ్రత్త తెలిసిన ఇళ్ళలోనే, బిడ్డ చేతికిచ్చే పుస్తకం విషయంలో మాత్రం ఆలోచన కొరవడుతున్నది. పాఠ్యపుస్తకం ఉన్నది గదా, మరొకటి ఎందుకన్నది సాధారణంగా వినవచ్చే మాట.

ఈ ప్రశ్న కెంచార్లహళ్ళి వంటి ఊళ్ళలో మరింత బరువైనది. ఇక్కడి బిడ్డకు ఇంట్లో తెలుగు, బస్సు మీద, కచేరీలో కన్నడం, ఉద్యోగపు ఆశలో ఆంగ్లం. మూడూ అవసరమే. అయితే నోటిమాటగా తెలుగును అవ్వాతాతలు నిలుపగలరు గాని, అక్షరంగా దానిని నిలుపవలసినది బడి ఒక్కటే. ఆ అక్షరం పాఠ్యపుస్తకానికే పరిమితమైతే పరీక్షతోపాటే ముగుస్తుంది. కథ కోసం, నవ్వు కోసం, తనంతట తాను తెలుగు పుస్తకం తెరిచిన బిడ్డకే ఆ అక్షరం ఆజన్మాంతం మిగులుతుంది. కనుక ఈడుకు తగిన పుస్తకాన్ని ఎన్నడం వినోదానికి సంబంధించిన చిన్న విషయం కాదు.

అయిదేండ్ల లోపు బిడ్డకు పుస్తకం చెవి ద్వారా అందాలి. అవ్వ చెప్పే కథ, జోలపాట, ఇదే తాలూకాలోని కైవారం నారాయణ తాతయ్య తత్త్వాలు ఆ దశకు చాలిన గ్రంథాలయం. వాటికి తోడు పెద్ద బొమ్మలు, పుటకు ఒకటి రెండు వాక్యాలు గల పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని చదివి వినిపించాలి. అక్షరాలు దిద్దించే తొందర ఆ సమయంలో కూడదు.

ఆరు మొదలు ఎనిమిదేండ్ల వరకు బిడ్డ కూడబలుక్కొని చదువుతుంది. చిన్న వాక్యాలు, పెద్ద అచ్చు, చక్కని బొమ్మలు కావాలి. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు, సికింద్రాబాదులోని మంచిపుస్తకం, చెన్నైలోని తూలికా ప్రచురణలు ఇందుకు ఉపకరిస్తాయి. 2004లో బెంగళూరులో ఆరంభమైన ప్రథమ్ బుక్స్ వారు ఒకే కథను తెలుగులోను, కన్నడంలోను విడివిడిగా అచ్చువేస్తున్నారు. ఈ సరిహద్దు సీమకు ఇంతకంటె తగిన సాధనం లేదు. తెలుగులో చదివి అర్థం చేసుకొన్న కథనే కన్నడంలో చదివిన బిడ్డకు రెండు లిపుల పోలిక కూడా తెలియకుండానే పట్టుబడుతుంది. పుస్తకం కొనలేని వారికి అదే సంస్థ 2015లో ఆరంభించిన స్టోరీవీవర్‌లో కథలు ఉచితంగా లభిస్తాయి. చరవాణి ఇంట్లో ఎలాగూ ఉన్నది. దానిని ఈ పనికీ వాడవచ్చును.

తొమ్మిది మొదలు పదకొండేండ్ల వరకు కథాదాహం మిక్కుటంగా ఉంటుంది. పంచతంత్రం, తెనాలి రామలింగని కథలు, మర్యాద రామన్న తీర్పులు అందించవలసిన కాలమిది. 1947 జులైలో మద్రాసులో చక్రపాణి, నాగిరెడ్డి గార్లు ఆరంభించిన 'చందమామ' ఇప్పుడు వెలువడడం లేదు. అయినా కొడవటిగంటి కుటుంబరావు గారి చేతుల మీదుగా వచ్చిన దాని పాత సంచికలు ఎక్కడ దొరికినా సేకరించి బైండు చేయించదగినవి. ఆ తేట తెలుగు, ఆ కురుచ వాక్యాలు ఈ వయసు వారికి కొలిచి కుట్టినట్లుంటాయి. ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు'ను బాపు గారి బొమ్మలతో సహా ఇస్తే, పుస్తకం నవ్విస్తుందని కూడా పిల్లలకు తెలుస్తుంది.

పన్నెండు, పదమూడేండ్ల వయసులో బిడ్డ లోకాన్ని ప్రశ్నించడం మొదలుపెడుతుంది. పాత రైలుపెట్టెలలో నడిచిన జపాను బడిని గురించిన తెత్సుకో కురొయనాగి రచన తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. దానిని విద్యార్థులతోపాటు ఉపాధ్యాయులు కూడా చదువవలసి ఉన్నది. ఈ జిల్లాలోని ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితచరిత్ర, సమీపపు పల్లె నుండి ఎంత దూరం పోవచ్చునో చెబుతుంది.

ఈ దశలోనే ఒక ప్రమాదమున్నది. పుస్తకాల తెలుగు ఒకటి, ఇంటి తెలుగు మరొకటి అని గ్రహించిన బిడ్డ, తన ఇంటి మాట తప్పని సిగ్గుపడుతుంది. సిగ్గుపడిన నాలుక తరువాత మూగవోతుంది. దానికి మందు కూడా పుస్తకమే. పులికాట్ సరస్సు తీరపు బాల్యాన్ని అక్కడి పలుకుబడిలోనే చెప్పిన స.వెం.రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు', చిత్తూరు సీమ పల్లె మాటను అచ్చుకెక్కించిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి కథలు చేతికిస్తే, తన అవ్వ మాట కూడా అచ్చుకు తగినదేనని తెలుస్తుంది. నామిని గారి కథలను పదునాలుగేండ్లు దాటిన వారికి, పెద్దలు ముందు చదివి ఎంచి ఇవ్వడం మేలు.

పదునాలుగు దాటిన వారికి సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు', 1853లో వెలువడిన చిన్నయసూరి 'నీతిచంద్రిక' అందించవచ్చు. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో జన్మించి, చదువు కోసం బెంగళూరుకు కాలినడకన పోయిన హెచ్. నరసింహయ్య గారి కన్నడ ఆత్మకథ 'హోరాటద హాది' కూడా ఈ వయసుకు తగినది. కన్నడం వచ్చిన తెలుగు బిడ్డకు అది అదనపు సంపద.

ఒకే కథ వయసుతోపాటు ఎలా ఎదుగుతుందో చెప్పడానికి ఆవు–పులి కథ చాలును. లేగకు పాలిచ్చి తిరిగి వస్తానని పులికి మాట ఇచ్చి, ఆ మాట నిలుపుకొన్న ఆవును అయిదేండ్ల బిడ్డ అవ్వ నోట వింటుంది. తొమ్మిదేండ్లకు కన్నడ 'గోవిన హాడు'లో అదే ఆవును పుణ్యకోటి పేరుతో కలుసుకొంటుంది. పదిహేనేండ్లకు అనంతామాత్యుని 'భోజరాజీయం' తెరిస్తే గోవ్యాఘ్ర సంవాదంగా పద్యాలలో ఎదురవుతుంది. ముందు చెవికి, పిమ్మట కంటికి, ఆపైన బుద్ధికి అందిన ఆ కథ పద్యాన్ని బరువనిపించదు. వరుస తప్పించి తొలుతనే పద్యం ముందు కూర్చోబెడితే మిగిలేది భయమే.

పుస్తకం తగినదో కాదో తెలుసుకోవడానికి సులువైన ఉపాయమున్నది. నడుమ ఒక పుట తెరిచి బిడ్డచేత పైకి చదివించాలి. తెలియని మాటలు అయిదింటికి మించితే దానిని దాచి మరుసటి ఏడు ఇవ్వాలి. ఒకటి రెండయితే వెంటనే ఇవ్వాలి. నచ్చని పుస్తకాన్ని ముగించి తీరాలని పట్టుపట్టరాదు. చదివిన పిమ్మట ప్రశ్నలడిగి మార్కులు వేయరాదు. గిజుభాయి 'పగటికల' చదివిన తల్లిదండ్రులకు ఈ విషయం మరింత స్పష్టమవుతుంది.

డెబ్బది అయిదేండ్ల పండుగకు గుర్తుగా శిలాఫలకం వేయవచ్చు. దానికి తోడు ఒక బీరువా కూడా నిలిపితే పండుగ సార్థకమవుతుంది. అందులో నాలుగు అరలు, నాలుగు ఈడులు. పూర్వవిద్యార్థి ప్రతి ఒక్కరూ తమ బాల్యంలో నచ్చిన ఒక పుస్తకాన్ని, పేరు రాసి, తగిన అరలో ఉంచవచ్చు. వారానికి ఒక గంట, పరీక్ష లేని చదువుకు ఉపాధ్యాయులు కేటాయించవచ్చు. ఆ బీరువాకు తాళం మాత్రం వేయరాదు. పుస్తకాలు చిరుగుతాయన్న భయం సహజమే. కాని చిరిగిన పుస్తకం చదివిన పుస్తకం. కొత్తదనం చెడకుండా అరలో నిలిచిన పుస్తకాన్ని చూసి విచారించవలసి ఉన్నది.

రైతు ఆకు వేసి ఊరకుండడు. రాత్రివేళ కూడా లేచి చూసుకొంటాడు. బిడ్డ పక్కన కూర్చుని రోజుకు పావుగంట చదివే తల్లి, తండ్రి ఉన్న ఇంట తెలుగక్షరం మరొక తరానికి నిలిచి ఉంటుంది.

స్వస్తి.