అతుకులేని మేజోడు

 

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయపు పండుగనాడు మేజోళ్ళను గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాలికి తొడుగుకొనునది గనుక అది అల్పవస్తువని లోకము తలంచును. కాని మేజోడు కొనయందు ఒక విద్య దాగియున్నది. నడచువాని సుఖమును, అల్లువారి కూలియు ఆ విద్యపై ఆధారపడియున్నవి. బడికిపోవు బాలుని మేజోడును తిరగవేసి చూచినచో కాలివ్రేళ్ళ కొనకడ ఒక మిట్ట చేతికి తగులును. అదియే అతుకు. తక్కిన భాగమంతయు యంత్రము ఏకముగా అల్లినను, ఆ ఒక్కచోట మూయుటకు వేరు పని అవసరమైనది. ఆ మిట్ట లేకుండ మూయుట ఎట్లు? మూసిన చేతికి దక్కునదేమి? ఈ రెండు ప్రశ్నలే ఈ ప్రసంగమునకు విషయము.

మగ్గము నేతకును మేజోడు అల్లికకును భేదము కలదు. నేతలో పడుగు నిలువుగాను, పేక అడ్డముగాను పోవును. అల్లికలో పడుగు లేదు, పేక లేదు. ఒకే పోగు ఉచ్చుగా వంగి, ముందటి వరుసలోని ఉచ్చు గుండ దూరివచ్చును. ఇట్లు ఉచ్చులో ఉచ్చు తగిలియుండుటచేతనే మేజోడు సాగి కాలిని పట్టుకొనును. అందుచేతనే ఒక్క ఉచ్చు విడిపోయినచో దాని క్రిందివి వరుసగా జారిపోవును. కనుక కొనయందు ప్రతి ఉచ్చును పట్టి కట్టవలెను. కష్టమంతయు అచ్చటనే యున్నది.

ఇంగ్లండు దేశమున నాటింగ్‌హాం సమీపమందలి కాల్వర్టన్ గ్రామములో విలియం లీ అను క్రైస్తవ మతగురువు 1589లో మేజోళ్ళనల్లు యంత్రమును కల్పించెను. చేతి అల్లికపై బ్రతుకు బీదల నోటికూడు పోవునని ఎలిజబెత్ రాణి దానికి హక్కుపత్రమును నిరాకరించెనని ప్రతీతి. ఆ యంత్రము బల్లపరుపు గుడ్డనే అల్లెడిది. కాలి ఆకారమునకు తగినట్లు అంచులను పెంచుచు తగ్గించుచు అల్లి, వెనుకవైపున కుట్టెడివారు. అంచు గట్టిది గనుక కుట్టు నిలిచెడిది.

తరువాత కొందరు వ్యాపారులు వెడల్పు గుడ్డను అల్లించి, కత్తెరతో మేజోళ్ళుగా కత్తిరించి, కుట్టి చౌకగా అమ్మసాగిరి. కత్తెర పడినచోట ఉచ్చులు తెగును. కుట్టు త్వరలోనే విడిపోవును. సరకు చెడ్డపేరు తెచ్చుకొనెను, పనివారి కూలి పడిపోయెను. 1811లో నాటింగ్‌హాం ప్రాంతపు అల్లికవారు యంత్రములను పగులగొట్టుటకు గల కారణములలో ఈ కత్తిరింపు మేజోళ్ళు ఒకటి. యంత్రములను పగులగొట్టినవారికి మరణదండన విధించు చట్టము 1812లో వచ్చెను. కవియైన బైరన్ ప్రభువు తన సభలో దానిని ఖండించుచు మాటలాడెను. వారు యంత్రమనిన ద్వేషించిరనుట సగము మాటయే. చెడ్డ అతుకును, దానితో వచ్చిన తక్కువ కూలిని వారు సహింపలేకపోయిరి.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున లీస్టరు పట్టణపు మాథ్యూ టౌన్‌సెండ్ వలన నాలుక గల సూది వ్యాప్తిలోనికి వచ్చిన పిదప గుండ్రని యంత్రము సులభమైనది. దీనియందు నిలువు గాళ్ళు గల ఒక గొట్టముండును. ఒక్కొక్క గాడిలో ఒక్కొక్క సూది. సూది తలయందు కొక్కెము, దానిని మూసి తెరచు చిన్న నాలుక. చేతిపిడిని త్రిప్పగా సూదులు వరుసగా పైకి లేచి, నూలును అందుకొని దిగును. దిగునప్పుడు పాత ఉచ్చు నాలుకను మూసి, సూది తలపైనుండి జారిపోవును. కొత్త ఉచ్చు కొక్కెమున నిలుచును. క్రింద వ్రేలాడు బరువు అల్లికను సమముగా లాగుచుండును. ఈ విధముగా కుట్టులేని గొట్టము తయారగును.

గొట్టమునకు మడమ కావలెను. యంత్రమునకు అరువది సూదులున్నవనుకొందము. ముప్పది సూదులను పనినుండి తప్పించి, మిగిలిన ముప్పదిపై పిడిని ఇటునటు త్రిప్పవలెను. వరుస వరుసకు ఒక్కొక్క సూదిని కొననుండి తప్పించుచు పది మిగులువరకు పోయి, మరల ఒక్కొక్కటిగా పనిలోనికి తెచ్చి ముప్పదికి చేరవలెను. అప్పుడు చిన్న సంచివంటి మడమ ఏర్పడును. పాదము పొడవు అల్లిన పిమ్మట కొనయందును ఇట్టి సంచినే అల్లుదురు. అది పూర్తియగునప్పటికి సంచి అంచున ముప్పది ఉచ్చులు, పాదము పైభాగమున ముప్పది ఉచ్చులు ఎదురెదురుగా తెరచియుండును. ఆ నోటిని మూయుటకు నాలుగు మార్గములు కలవు.

మొదటిది చేతి సూదితో కలుపుట. వేరు రంగు నూలుతో నాలుగైదు చుట్లు అల్లి, మేజోడును యంత్రమునుండి దింపి, మొద్దుసూదితో ఎదురెదురు ఉచ్చులలో నూలును నడపుదురు. సూది నడచిన జాడ ఇంకొక అల్లిక వరుసవలెనే యుండును గనుక మిట్ట యుండదు. తరువాత రంగు నూలును విప్పివేయుదురు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల కాళ్ళకు ఒరపిడి తగులకుండుటకు కిచనర్ సేనాని దీనిని ప్రోత్సహించెనని చెప్పుదురు. ఆంగ్లమున నేటికిని ఆ కుట్టునకు ఆయన పేరే కలదు.

రెండవది చక్రముపై కలుపుట. చక్రపు అంచున ముళ్ళుండును. ఒక్కొక్క ముల్లునకు రెండు వైపుల ఉచ్చులను ఎక్కించి యంత్రము గొలుసుకుట్టు వేయును. అతుకు చదునుగా వచ్చును. కాని సన్నని మేజోళ్ళకు 144 మొదలు 200 వరకు సూదులుండును. వాని ఉచ్చులను వెదకి ఎక్కించుట కంటికి గొప్ప శ్రమ.

మూడవది అంచులను మడచి కుట్టుయంత్రముతో బిగించుట. ఇది త్వరితము, చౌక. మిట్ట మిగులునది ఇందువలననే.

నాలుగవది కొననుండియే ఆరంభించుట. రంగు నూలుతో కొన్ని చుట్లు అల్లి, అసలు నూలుతో ముప్పది సూదులపై మాత్రమే సంచిని అల్లుదురు. పిదప మిగిలిన ముప్పది సూదులపై గల రంగు నూలును దింపి, సంచి యొక్క మొదటి వరుస ఉచ్చులను పైకి మడచి ఆ సూదులకు ఒక్కొక్కటిగా తగిలింతురు. నోరు మూసికొనును, అటుపై పాదము, మడమ, కాలు వరుసగా సాగును. చేతిపని పూర్తిగా తప్పదు. పైఅంచును సాగునట్లు చేతితో కట్టవలెను. కాని అచ్చట ముడి యున్నను నడకకు బాధ కలుగదు. నేటి పెద్ద కర్మాగారములలో కొనను తామే మూయు స్వయంచాలక యంత్రములును కలవు.

ఇంత శ్రమ దేనికని అడుగవచ్చును. 2023లో ప్రచురింపబడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము దేశమున పది కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. ఈ వ్యాధి ముదిరినచో కొందరికి పాదములలో స్పర్శ తగ్గును. బూటులో అతుకు ఒరసినను తెలియదు. తెలియునప్పటికి పుండు పడియుండును. అట్టివారు అతుకులేని మేజోళ్ళను గాని, అతుకు వెలుపలికి వచ్చునట్లు తిరగవేసినవానిని గాని తొడుగవలెనని వైద్యులు చెప్పుదురు.

ఇక కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల మాట. ఇచ్చటి ఎందరో స్త్రీలు ఇంటివద్ద బీడీలు చుట్టి వెయ్యింటి లెక్కన కూలి తీసికొందురు. ఆకు కత్తిరించి, పొగాకు నింపి, కొన మడచి, దారము చుట్టు ఆ వ్రేళ్ళకు ఉచ్చు పట్టుట అసాధ్యము కాదు. అయితే పని మారినంత మాత్రమున బ్రతుకు మారదు. నరసాపురము లేసు అల్లికను గూర్చి మారియా మీస్ అను జర్మను విదుషి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. ఇంట కూర్చుండి అల్లు స్త్రీని పనివారిగా గాక తీరిక పుచ్చుకొను గృహిణిగా లెక్కించుటచే కూలి అడుగంటెననియు, లాభము వర్తకులకు చేరెననియు ఆమె చూపెను. మేజోళ్ళకును ఇదే గతి పట్టరాదు.

కావున యంత్రము కొనుటకు ముందే లెక్క వ్రాయవలెను. ఒక జతకు నూలెంత, పిడి త్రిప్పుటకు కాలమెంత, కొన మూయుటకు కాలమెంత, విరిగిన సూదుల ఖర్చెంత అని వేరువేరుగా వ్రాయవలెను. గొట్టము నిమిషములలో దిగును. కొన నిదానముగా మూసికొనును. కూలిని గొట్టపు వేగముతో కొలిచినచో మూసినవారి శ్రమ లెక్కకు రాదు. పదిమంది కలసి సంఘముగా నూలు కొని, సరకు అమ్మినచో కొన మూసిన చేతికి దాని వెల దక్కును.

ఇట్టి లెక్కలకు గ్రంథాలయమే తగిన చోటు. చదువనేర్చినవారు చదివి వినిపింపగా, చేయనేర్చినవారు చేసి చూపింపగా, విద్య ఊరిలో నిలుచును. పుస్తకముల ప్రక్కన ఒక మేజోడు నమూనాయు, ఒక లెక్కల పుస్తకమును ఉంచిన గ్రంథాలయము రాబోవు ఇరువదియైదేండ్లకు మంచి పునాది వేసినదగును.